వాడికది పడదు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర ఒక చిట్టా ఉండేది. కాగితం మీద కాదు, మనసులోనే. పెద్దోడికి వంకాయ పడదు, ఒళ్ళంతా దద్దుర్లు తేలతాయి. చిన్నదానికి రాత్రిపూట పెరుగు వేస్తే తెల్లారేసరికి దగ్గు. అల్లుడుగారికి రొయ్యలు వడ్డించొద్దు. పదిమంది చుట్టాలు బంతిలో కూర్చున్నా, వడ్డించే అమ్మమ్మ చెయ్యి ఒక్కో విస్తరి దగ్గర ఒక్కోలా కదిలేది. ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

ఎందుకు పడదని అడిగితే మాత్రం జవాబుండేది కాదు. "ఒంటితత్వం నాయనా, ఏం చేస్తాం" అనేసి తన పనిలో పడిపోయేది. మనమూ ఆ మాటతో సరిపెట్టుకునేవాళ్ళం.

ఆ ఒంటితత్వంలో కొంత భాగం ఇప్పుడు రక్తపరీక్షలో కనిపిస్తోంది. అది ఎవరి తప్పూ కాదని, మనకంటే ఎన్నో తరాల ముందు మొదలైన కథ అని తెలిసేకొద్దీ మనసుకు ఒకరకమైన ఊరట కలుగుతుంది. ఆ కథల్లో ఒకటి చెప్పుకోవాలనిపించింది.

పురిటికి వచ్చిన కూతురి కోసం అటక మీద నుంచి ట్రంకు పెట్టె దించడం చాలా ఇళ్ళలో ఒక వేడుక. ఆమె పుట్టినప్పటి జుబ్బాలు, పాతచీరల పొత్తిగుడ్డలు, అంచు చిరిగిన చిన్న దుప్పటి. మూత తీయగానే గుప్పున కలరా ఉండల వాసన. ఆ వాసన ఎంతమందికి ఎన్ని జ్ఞాపకాలో! వేసవి సెలవులూ, అమ్మమ్మ ఊరూ, పండగకు కట్టుకునే పట్టుపావడా అన్నీ అందులోనే ఉంటాయి. ఆ గుడ్డలే ఓసారి దులిపి పాపాయికి చుడతారు. దాదాపు అందరు పిల్లలకూ ఏమీ కాదు.

ఎక్కడో ఒక ఇంట్లో మాత్రం రెండు మూడు రోజుల్లో బిడ్డ కళ్ళు పచ్చబడతాయి. ఒళ్ళు పాలిపోతుంది. పాలు సరిగా తాగడు. గుడ్డ మీద మూత్రం డికాక్షన్ రంగులో కనబడుతుంది. దిష్టి అంటారొకరు. పసిరికలంటారొకరు. పసిరికల మందు పోయించండని పక్కింటావిడ. అన్నీ అయ్యాక ఆస్పత్రికి పరిగెడితే, రక్తపరీక్ష చేసి డాక్టరుగారు ఒక పొడుగాటి పేరు చెబుతారు. గ్లూకోజ్ సిక్స్ ఫాస్ఫేట్ డీహైడ్రోజనేజ్. ఆస్పత్రిలో అందరూ జీ6పీడీ అంటారు. "మీ బాబుకి అది తక్కువుందమ్మా. కలరా ఉండల గాలి వీడికి పడలేదు."

ఆ జీ6పీడీ ఒక ఎంజైమ్. ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది కానీ, దాని అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఎర్రరక్తకణానికే. పాపం, ఆ కణం బతుకే అలాంటిది. రాత్రింబవళ్ళు ఆక్సిజన్‌ను మోయాలి. అదే ఆక్సిజన్ నుంచి పుట్టే కొన్ని ఘాటు పదార్థాలు దాని పొరనీ, లోపలి హిమోగ్లోబిన్‌నీ దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ కాచుకోవడానికి గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంది. కాచుకుని కాచుకుని అది అలిసిపోతే, మళ్ళీ పనికి సిద్ధం చేసే పని జీ6పీడీతో మొదలవుతుంది. వేరే కణాలకు ఇందుకు ఇంకొన్ని దారులున్నాయి. ఎర్రకణానికి ఇదొక్కటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎముక మజ్జలో తయారై రక్తంలోకి వచ్చేసరికే ఎర్రకణం తన కేంద్రకాన్ని వదిలేసి ఉంటుంది. కొత్తగా ఎంజైమ్ తయారు చేసుకునే వీలు లేదు. చద్దిమూట కట్టుకుని బయల్దేరిన బాటసారి దాని పరిస్థితి. సుమారు 120 రోజుల ప్రయాణానికి మూటలో ఎంతుంటే అంతే.

కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ జన్యువులో చిన్న మార్పు ఉంటుంది. చాలాసార్లు ఒకే ఒక్క అక్షరం తేడా. దాంతో తయారైన ఎంజైమ్ నిలవుండదు, త్వరగా పాడైపోతుంది. సగం దారిలోనే మూట ఖాళీ. అయినా మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. బడికి వెళ్తారు, ఆటలాడతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, ముసలివాళ్ళవుతారు. ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మంది ఇలాంటివాళ్ళున్నారని అంచనా. వాళ్ళలో చాలామందికి తమ ఒంట్లో ఈ సంగతి ఉందనే తెలియదు. తమకు పడనిది ఏదో ఒకటి ఎదురైన రోజునే బయటపడుతుంది. కొన్ని మందులు, కలరా ఉండలు, ఒక్కోసారి గట్టి జ్వరం. అప్పుడు కణాలు ఒక్కసారిగా పగిలిపోతాయి.

ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో ఆ పడనిది చిక్కుడు. మన పందిరి చిక్కుడు కాదు, ఫావా అనే లావుపాటి గింజల చిక్కుడు. వసంతంలో లేత కాయలు కోతకొచ్చే రోజుల్లో అక్కడి ఊళ్ళలో తల్లులకు భయం పట్టుకునేది. పొద్దున గంతులేసిన పిల్లాడు ఒకటి రెండు రోజుల్లో పచ్చబడి మంచాన పడేవాడు. ఎక్కువగా మగపిల్లలే. పూసిన చేను పక్కనుంచి నడిచినా జబ్బు చేస్తుందని, పుప్పొడిలోనే విషం ఉందని నమ్మేవాళ్ళు. ఒకే పళ్ళెంలో తిన్న అన్నదమ్ముల్లో ఒకడికి ఏమీ కాకపోవడం, ఇంకొకడు చావు అంచుదాకా వెళ్ళిరావడం వాళ్ళకు అంతుపట్టేది కాదు. ఎలా పడుతుంది? తేడా చిక్కుడులో లేదు, తినే పిల్లాడి రక్తంలో ఉంది. గ్రీకు తాత్వికుడు పైథాగరస్ శిష్యులను చిక్కుడు ముట్టవద్దన్నాడని ఒక కథ ఉంది. అది ఇందుకేనా అని ఇప్పటికీ కొందరు ముచ్చటించుకుంటూ ఉంటారు.

ఆ తేడా రక్తంలోనే ఉందని రుజువైన చోటు మాత్రం ఒక జైలు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ కారాగారం. రెండో ప్రపంచయుద్ధం నాటి నుంచి అక్కడ ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షించేవాళ్ళు. ప్రైమాక్విన్ అనే మాత్ర వేసుకున్న వాళ్ళలో కొందరికి, ముఖ్యంగా నల్లజాతి ఖైదీల్లో కొందరికి, రక్తం పడిపోవడం కనిపించింది. తప్పు మందుదా, మనిషిదా? 1954లో అక్కడి వైద్యులు ఒక పని చేశారు. మందు పడని మనిషి ఎర్రకణాలకు గుర్తుపెట్టి, మందు పడే మనిషి ఒంట్లోకి ఎక్కించి, ఆ మాత్ర ఇచ్చారు. అరువొచ్చిన కణాలు మాత్రమే పగిలిపోయాయి. అతని సొంత కణాలు నిక్షేపంగా ఉన్నాయి. 1956లో పాల్ కార్సన్, ఆయన సహచరులు ఆ కణాల్లో తక్కువైనది జీ6పీడీ అని తేల్చారు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఆ ఖైదీలు గుర్తొస్తారు. కటకటాల వెనకున్న మనిషి ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలు? మనకు గుర్తున్నవి పరిశోధకుల పేర్లే. ఈ రోజు మన పసివాడికి ఏ మందు ఇవ్వకూడదో డాక్టరు వెంటనే చెప్పగలుగుతున్నారంటే, అందులో ఎక్కడో ఆ మనుషుల రక్తం కూడా ఉంది.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. ఇంత ఇబ్బంది పెట్టే మార్పు 40 కోట్ల మందిలో ఎలా మిగిలింది? తరాలు గడిచేకొద్దీ తగ్గిపోవాలి కదా!

జవాబు వైపు మొదట వేలు చూపిన మనిషి జన్యు శాస్త్రవేత్త జేబీఎస్ హాల్డేన్. మధ్యధరా తీరాల్లో తలసీమియా అనే రక్తదోషం అంత ఎక్కువగా ఉండటానికి మలేరియాయే కారణమై ఉండాలని ఆయన 1949 నాటికే రాశారు. ఆ దోషం కొద్దిగా ఉన్నవాళ్ళను మలేరియా అంత తేలిగ్గా చంపలేకపోయి ఉంటుందని ఆయన ఊహ. హాల్డేన్ మనకు పరాయివాడు కాదు. 1957లో ఇంగ్లండ్ వదిలి మనదేశం వచ్చేశారు, భారత పౌరుడయ్యారు, జుబ్బా పైజమా వేసుకుని ఇక్కడే ఉండిపోయారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారమే ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. తన ఒంటిని కూడా చదువుకే రాసిచ్చిన ఆ మహానుభావుడు చివరికి మన గోదావరి పిల్లలకు పాఠమయ్యారు. ఈ సంగతి కాకినాడ వాళ్ళు గర్వంగా చెప్పుకోవచ్చు.

మలేరియా కథలో మనకు ఇంకో చుట్టరికమూ ఉంది. దోమ కడుపులో ఆ జ్వరం తెచ్చే పరాన్నజీవిని వైద్యుడు రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది సికింద్రాబాద్ బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చారట.

హాల్డేన్ ఊహ జీ6పీడీకి కూడా వర్తిస్తుందని సార్డీనియా ఊళ్ళే చూపించాయి. 1961లో మార్చెల్లో సినిస్కాల్కో బృందం అక్కడి పల్లెల లెక్కలు ప్రచురించింది. తరతరాలుగా చలిజ్వరాలతో వణికిన పల్లపు ఊళ్ళలో ఈ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళు ఎక్కువ. దోమ అంతగా చేరని కొండమీది ఊళ్ళలో చాలా తక్కువ. ఒకే దీవి, ఒకే భాష, ఒకే తిండి. మధ్యలో కాస్త ఎత్తు తేడా. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నాలుగైదేళ్ళలో ఆ దీవి నుంచి మలేరియాను తరిమేశారు. జ్వరం పోయింది. దాన్ని తట్టుకున్న రక్తం మాత్రం అలాగే ఉండిపోయింది.

అంటే ఈ బిడ్డ ఒంట్లో తక్కువైనదేదో ఒకప్పుడు ఎవరినో కాపాడింది. ఆ మాట అనుకుంటేనే మనసు ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఎవరో ఒక తల్లి, పేరు తెలియదు, ఊరు తెలియదు. వానాకాలం, ఊరంతా మూలుగుతోంది. ఆమె పిల్లల్లో ఎవరో ఒకరు చెమటపట్టి లేచి కూర్చుని ఆకలేస్తోందన్నారు. ఆ ఒక్కరి నుంచి వచ్చిన సంతానం కావచ్చు వీడు.

ఇక తల్లుల సంగతి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే, అదీ అమ్మ దగ్గర నుంచే వస్తుంది. అందుకే జబ్బు ఎక్కువగా కొడుకుల్లో బయటపడుతుంది. అమ్మకు రెండు ఎక్స్‌లు ఉంటాయి. ఒకదానిలో మార్పున్నా రెండోది ఆదుకుంటుంది కనుక చాలావరకు ఆమెకేమీ తెలియదు. ఆమెకు పుట్టే ప్రతి కొడుకుకూ అది వచ్చే అవకాశం సగానికి సగం.

ఆ రెండు ఎక్స్‌లూ ఒకే కణంలో ఒకేసారి పనిచేయవు. ఒక్కో కణంలో ఒక్కోటి నిద్రపోతుంది. 1961లో ఇంగ్లండ్‌లో మేరీ లియన్ ఈ మాట చెబితే, ఆ మరుసటి ఏడాదే ఎర్నెస్ట్ బ్యూట్లర్ స్త్రీల ఎర్రకణాల్లో ఈ జీ6పీడీ సాయంతోనే దాన్ని చూపించారు. ఇలాంటి తల్లి రక్తంలో రెండు రకాల కణాలూ పక్కపక్కనే ప్రవహిస్తుంటాయి. నిండుగా ఎంజైమ్ ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. 1969లో లూచియో లుజాటో, ఆయన తోటివాళ్ళు నైజీరియాలో జ్వరంతో వచ్చిన ఇలాంటి ఆడపిల్లల రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. మలేరియా పరాన్నజీవులు నిండుగా ఎంజైమ్ ఉన్న కణాల్లోనే ఎక్కువగా చేరాయి. ఎంజైమ్ లేని కణాల్లో వాటికి అంత నిలకడ దొరకలేదు. ఈ రక్షణ ఎవరికి ఎంత, ఏ రకం మలేరియాకు ఎంత అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. కానీ ఒకే అమ్మాయి ఒంట్లో, ఒకే చుక్క రక్తంలో ఆ తేడా కళ్ళకు కట్టడం ఎంత అపురూపం!

మన మన్యంలో ఆ జ్వరం ఇంకా పూర్తిగా పోలేదు. ముందున్నంత లేదన్నది సంతోషమే. పాడేరు వైపో, ములుగు వైపో వానలు పడ్డాక ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త సంచిలో రక్తపరీక్ష కిట్లతోపాటు ప్రైమాక్విన్ కూడా ఉంటుంది. వైవాక్స్ రకం మలేరియా తగ్గినట్టే తగ్గి, కాలేయంలో నక్కి, నెలల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది. దాన్ని మొదలంటా తీయాలంటే ఆ మాత్ర 14 రోజులు వేసుకోవాలి. తరతరాలుగా మలేరియా ఉన్నచోటే ఈ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళూ ఎక్కువగా ఉంటారు కదా. మనదేశపు గిరిజనుల్లో కనిపించే ఒక రకానికి ఒరిస్సా అనే పేరే పెట్టారు. జబ్బుకు మందు, ఆ మందు పడని రక్తం, రెండూ ఒకే గుడిసెలో! అందుకే అనుభవమున్న కార్యకర్త మాత్ర చేతిలో పెట్టి వెళ్ళిపోదు. మర్నాడు వచ్చి, "ఒంటేలు ఏ రంగులో పోతోంది తాతా?" అని అడుగుతుంది. నల్లగా పోతోందంటే మాత్ర ఆపించి ఆస్పత్రికి తీసుకెళ్తుంది.

తెలిసినవాళ్ళింట్లో ఈ మధ్య ఇలాగే జరిగింది. పది రోజుల బాబు. నీలిదీపం కింద మూడు రోజులుంచాక పసిరికలు తగ్గాయి, గండం గడిచింది. డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి, వీడికి వాడకూడని మందుల కాగితం ఇచ్చి, ఇది తల్లి వైపు నుంచి వస్తుందని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ అమ్మాయి నోట మాట లేదు. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒకరిద్దరు, చెడ్డ ఉద్దేశంతో కాదు గానీ, "మీ వైపుదేనట కదా" అన్నారు. ఆమె బాబును ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూట వాళ్ళమ్మ పక్కన కూర్చుని జుట్టు చిక్కుతీస్తూ మెల్లగా ఒక సంగతి చెప్పింది. తన తమ్ముడికి ఆరేడేళ్ళప్పుడు చలిజ్వరం వస్తే మాత్రలు వేశారు. రెండో రోజుకే మూత్రం నల్లగా వచ్చింది, మనిషి తెల్లకాగితంలా అయిపోయాడు. ఊళ్ళో దయ్యం పట్టిందన్నారు. వేపమండలు తెచ్చారు, తాయెత్తు కట్టారు. మాత్రలు మాన్పించడం వల్లో, ఆయుష్షు గట్టిదై ఉండటం వల్లో బతికాడు. బాబు పుట్టగానే ఆ ఇంట్లో అందరూ అన్నారట, వీడు పూర్తిగా వాళ్ళమ్మ మేనమామ పోలికేనని. ముక్కూ, చెవులూ అనుకున్నారు గానీ, పోలిక అంత లోపలిదాకా ఉందని ఎవరికి తెలుసు!

"అయితే నీకూ ఉందన్నమాటేగా అమ్మా?" అంది కూతురు.

"ఉండే ఉంటుంది. మా అమ్మకూ ఉండి ఉంటుంది. మా అమ్మకు ముందు తోబుట్టువులు ఇద్దరు జ్వరంతోనే పోయారే. తనొక్కతే మిగిలింది."

అది జన్యువు చలవో, అదృష్టమో చెప్పడానికి ఇప్పుడు ఏ పరీక్షా లేదు. ఆ అమ్మాయి మాత్రం చాలాసేపటికి తల ఎత్తి, బాబును తల్లి ఒళ్ళో పెట్టి, ఆకలేస్తోంది అన్నం పెట్టమంది. రెండు రోజులుగా సరిగా తినలేదు మరి.

విషయం తెలిసి ఆ మేనమామ ఊరి నుంచి దిగాడు. ఇప్పుడు అరవై దాటిన మనిషి. పక్క పట్నంలోనే పరీక్ష చేయించుకున్నాడు, అనుకున్నట్టే వచ్చింది. తన కాగితాన్నీ మనవడి కాగితాన్నీ కలిపి నాలుగైదు జిరాక్సులు తీయించాడు. ఒకటి తన పర్సులో, ఒకటి అక్క చేతిలో, ఒకటి వీధి చివర మందుల షాపులో. దుకాణం కుర్రాడికి దగ్గరుండి చదివి వినిపించాడు. "మా వాడికి ఇవి పడవు, నాకూ పడవు. మా ఇంటి నుంచి ఎవరొచ్చి ఏం అడిగినా ఈ కాగితం ఓసారి చూసి ఇవ్వు బాబూ" అని చెప్పి, అది కౌంటరు అద్దం కింద పెట్టించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.